లైబ్రరీ వాడుకుంటున్నది మీరు, మనిషిని ఇవ్వాల్సిందీ మీరే

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు, జీసీసీలు (విదేశీ కంపెనీల ఇక్కడి టెక్ కేంద్రాలు) నడుపుతున్న ఇంజనీరింగ్ పెద్దలకు,

నమస్కారం.

2025 సెప్టెంబరులో నిక్ వెల్న్‌హోఫర్ అనే ప్రోగ్రామర్ ఓ చిన్న ప్రకటన చేశారు. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి మెయింటైనర్ (కోడ్ బాగోగులు చూసే మనిషి) బాధ్యత నుంచి తప్పుకుంటున్నానని, కాబట్టి ప్రస్తుతానికి ఆ ప్రాజెక్టును చూసుకునేవాళ్లు దాదాపు లేనట్టేనని దాని సారాంశం. ఆ వార్త మీద మీ ఆఫీసుల్లో ఒక్క మీటింగ్ కూడా జరిగి ఉండదు. రంగు మారిన లోగో మీద రెండు గంటలు మాట్లాడుకునే మనం, దీనికి పది నిమిషాలైనా ఇవ్వాల్సింది.

ఎందుకంటే ఆ రోజు కూడా మీ సర్వర్లలో ఆ లైబ్రరీ నడుస్తూనే ఉంది. ఎక్స్‌ఎంఎల్ (ట్యాగుల మధ్య డేటా రాసే పద్ధతి) ఫైలును చదివి, ముక్కలు చేసి, ప్రోగ్రాముకి అందించే, సీ భాషలో రాసిన లైబ్రరీ అది. 1990ల చివర్లో డానియెల్ వెయార్ మొదలుపెట్టారు, గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టులో పెరిగింది. పీహెచ్‌పీ భాషలో డామ్, సింపుల్‌ఎక్స్‌ఎంఎల్ దాని మీదే ఆధారపడ్డాయి. పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్, రూబీలో నోకోగిరి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎక్స్‌ఎంఎల్ డేటా టైపు, అన్నిటి కిందా అదే. ఆపిల్ తన ఆపరేటింగ్ సిస్టమ్‌లతోపాటే దాన్ని ఇస్తోంది. క్రోమ్ బ్రౌజర్‌లోనూ ఉంది.

ఎక్స్‌ఎంఎల్ కాలం అయిపోయింది, ఇప్పుడంతా జేసన్ కదా అని మీ టీముల్లో కుర్రాళ్లు అంటారు. కొత్తగా రాసే ఏపీఐల వరకూ అది నిజమే. కానీ యూపీఐలో బ్యాంకులకీ, దాన్ని నడిపే ఎన్‌పీసీఐకీ మధ్య తిరిగే సందేశాలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు ఎక్స్‌ఎంఎల్. మీ హెచ్‌ఆర్ వాళ్లు తయారుచేసే ఆఫర్ లెటర్ డాక్‌ఎక్స్ ఫైలును జిప్ విప్పి చూడండి, లోపల కనిపించేదీ అదే.

అంత వాడకం ఉన్న లైబ్రరీని చూసుకుంటున్న మనిషి ఎందుకు వెళ్లిపోయారన్నది దాచిన సంగతేమీ కాదు. బయటివాళ్లు పంపే సెక్యూరిటీ రిపోర్టులకే ప్రతి వారం గంటలకు గంటలు పోతున్నాయని, జీతం లేని వాలంటీరుగా అది ఎల్లకాలం సాగే పని కాదని 2025 వేసవిలోనే ఆయన బహిరంగంగా రాశారు. ఇకమీదట సెక్యూరిటీ లోపాల్ని రహస్యంగా పెట్టి గడువులు పాటించడం ఉండదని, వాటినీ మామూలు బగ్గుల్లాగే చూస్తానని తేల్చి చెప్పారు. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2కి తోబుట్టువులాంటి, ఎక్స్‌ఎంఎల్‌ని వేరే రూపంలోకి మార్చే లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని అప్పటికే వదిలేశారు. పెద్ద కంపెనీలు మంచి జీతాలిచ్చి పెట్టుకున్న పరిశోధకులు తప్పులు వెతికి పంపుతారు. సరిదిద్దాల్సినవాడికి మాత్రం ఆ కంపెనీలు రూపాయి ఇవ్వవు. ఆయన బాధ అదీ.

ఈ పని ఎలాంటిదో తెలియాలంటే ఒక బగ్గును దగ్గర్నుంచి చూడాలి. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2లో డాక్యుమెంటులోని ప్రతి నోడ్‌కీ, అంటే ప్రతి ముక్కకీ, ఒక సీ స్ట్రక్ట్ (వివరాలు వరసగా పెట్టుకునే అర) ఉంటుంది. అందులో పీఎస్‌వీఐ అని ఒక ఫీల్డు. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఆ ఒక్క ఫీల్డునే స్టైల్‌షీటు (ఎలా మార్చాలో చెప్పే ఫైలు) నోడ్లలో ఒక పనికీ, సోర్సు డాక్యుమెంటు నోడ్లలో ఇంకో పనికీ వాడుకుంది. మామూలు ఫైళ్లతో ఏ ఇబ్బందీ రాదు. కావాలని వంకరగా రాసిన ఫైలు ఇస్తే మాత్రం ఒక రకం నోడ్‌ని ఇంకో రకం అనుకుని ప్రోగ్రాము తప్పుడు మెమరీని చదువుతుంది. 2025లో గూగుల్‌లో సెక్యూరిటీ లోపాలు వెతికే బృందం ప్రాజెక్ట్ జీరో దీన్ని పట్టుకుంది.

ఇంకో ఫీల్డు చేర్చేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ స్ట్రక్ట్ పబ్లిక్ హెడర్‌లో, అంటే బయటి ప్రోగ్రాములు కూడా వాడుకునే ఫైల్లో ఉంది. దాని కొలతలు, లోపలి వరస బయటి ప్రోగ్రాములకి తెలుసు, ఎప్పుడో కంపైల్ చేసినవి ఆ లెక్క మీదే నడుస్తున్నాయి. ఇక్కడ ఒకటి కదిపితే అక్కడ ఏ లినక్స్ డిస్ట్రోలో ఏ ప్యాకేజీ కూలుతుందో చూసుకోవాలి. పాతికేళ్ల కిందటి డిజైన్ నిర్ణయాన్ని అర్థం చేసుకుని, దాన్ని తిట్టుకోకుండా, దాని చుట్టూ దారి వెతకాలి. ఇది వీకెండ్ హ్యాకథాన్‌లో తేలే పని కాదు. ఆ కోడ్‌తో కాపురం చేసిన మనిషి కావాలి.

ఇక మన ఆఫీసుల్లో జరిగేది చూడండి. నేను పనిచేసిన ఒక చోట సెక్యూరిటీ స్కానర్ ఈ లైబ్రరీ పేరును ఎర్రగా చూపించింది. ఆడిట్ దగ్గరపడింది, అందరికీ టెన్షన్. కాల్‌లో ఒక పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, "వెండర్ ఎవరు? వాళ్ల ఎస్‌ఎల్‌ఏ (సర్వీసు గడువు హామీ) ఎంత?" వెండర్ ఎవరూ లేరండీ అంటే ఆయనకి నమ్మకం కుదర్లేదు. చివరికి ఎస్కలేషన్ మెయిల్ డ్రాఫ్టు కూడా తయారైంది, ఎవరికి పంపాలో తెలియక ఆగిపోయింది. ఆయన్ని తప్పుపట్టను. కొన్న ప్రతి వస్తువుకీ ఒక వెండర్ ఉంటాడని నేర్పిన వ్యవస్థలోంచి వచ్చారు. ఇది మనం కొన్న వస్తువు కాదన్న సంగతే ఆ కాల్‌లో ఎవరికీ తట్టలేదు.

అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు సంగతి మీకు తెలుసు. కింది ఫ్లోర్ పెద్దాయన ఒకరు రోజూ పొద్దున్నే వేస్తారు, ట్యాంకు నిండగానే ఆపుతారు. ఆయన మనవడి పెళ్లికి ఊరెళ్లిన రోజున వాట్సాప్ గ్రూపులో అరుపులు మొదలవుతాయి, మోటారు స్విచ్ ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

అరుపులతో పోతే ఫర్వాలేదు. ఖాళీ అయిన ఆ చోటుకి ఎవరొస్తారన్నదే అసలు భయం. ఎక్స్‌జెడ్ ఉదంతం మీ సెక్యూరిటీ టీములకి గుర్తుండే ఉంటుంది. ఫైళ్లను కుదించే ఆ లైబ్రరీని లాస్సే కొలిన్ ఏళ్ల తరబడి ఒంటిచేత్తో, ఖాళీ వేళల్లో నడిపారు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపడం మొదలుపెట్టారు. 2022లో ఇంకొన్ని కొత్త పేర్లు ప్రత్యక్షమై, పని నడవట్లేదు, ఇంకో మెయింటైనర్‌ని పెట్టండి అని కొలిన్‌ని నొక్కాయి. తన మానసిక ఆరోగ్యం చాన్నాళ్లుగా బాగాలేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని గుర్తుపెట్టుకోవాలని ఆయన బదులిచ్చారు. చివరికి పగ్గాలు జియా టాన్ చేతికి అందాయి. 2024 మొదట్లో వచ్చిన 5.6.0, 5.6.1 విడుదలల్లో దొడ్డిదారి తలుపు ఒకటి చేరింది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, దూరం నుంచి సర్వర్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందేమిటా అని తవ్వకపోతే అది లక్షల సర్వర్లలోకి వెళ్లిపోయేది.

అపరిచితుల్ని నమ్మకూడదన్నది దీని నుంచి చాలామంది తీసుకున్న పాఠం. నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఇంకొకటి. ఒక పాత లైబ్రరీ దగ్గర రెండు మూడేళ్లు ఓపిగ్గా కూర్చుని, టెస్టులు రాసి, ప్రశ్నలకు జవాబులిచ్చి, నమ్మకం సంపాదించుకునే పనికి మనిషిని కేటాయించింది దాడి చేయదలచినవాళ్లే. ఆ లైబ్రరీ మీద వ్యాపారాలు చేసుకుంటున్న కంపెనీలకి ఆ ఆలోచనే రాలేదు.

జావాస్క్రిప్ట్ లోకంలో 2018లో ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీ విషయంలోనూ ఇదే తంతు. దాన్ని రాసినాయనకి ఆసక్తి పోయింది, నేను చూసుకుంటానని అడిగిన కొత్తమనిషికి ఇచ్చేశారు, ఆ వచ్చినవాడు బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్ కలిపాడు. సర్వర్ల గుంపుల్ని (క్లస్టర్లని) నడిపే కుబర్నెటిస్‌లో ఇంగ్రెస్ ఎన్‌జింక్స్‌ది ఇంకో రకం ముగింపు. మీలో చాలామంది క్లస్టర్ల ముందు ద్వారపాలకుడిగా నిలబడ్డ సాఫ్ట్‌వేర్ అది. ఏళ్లుగా ఒకరిద్దరే, సొంత సమయంలో నెట్టుకొచ్చారు. సాయం కావాలని అడిగారు, రాలేదు. 2026 మార్చి తర్వాత ఆపేస్తామని 2025 నవంబరులో ప్రకటించారు. ఆ వారం ఎన్ని ఆఫీసుల్లో మైగ్రేషన్ ప్లాన్లకి జనం రాత్రుళ్లు కూర్చున్నారో మీకే తెలుసు. ఆ మైగ్రేషన్‌కి అయిన మనిషి గంటల్లో పదోవంతు ముందే ఇచ్చి ఉంటే అనిపిస్తుంది, కానీ ఎవరికి వారే యమునా తీరే.

లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 కాస్త అదృష్టం చేసుకుంది. 2025 చివరికి కొత్తవాళ్లు ముందుకొచ్చారు. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఆధారంగా నడిచే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ సదుపాయాన్ని మాత్రం బ్రౌజర్ నుంచే తీసేస్తామని క్రోమ్ బృందం ప్రకటించింది. ఇక ఎక్స్‌పాట్ అని ఎక్స్‌ఎంఎల్ చదివే ఇంకో లైబ్రరీ ఉంది, పైథాన్‌తోపాటే వస్తుంది. దాని మార్పుల చిట్టా తెరిస్తే ఆశ్చర్యార్థకాలతో కట్టిన పెద్ద పెట్టె కనిపిస్తుంది. మనుషులు చాలట్లేదు, డబ్బు లేదు, సీ బాగా తెలిసినవాళ్లు కావాలి అని అందులో రాసి ఉంటుంది. ఆ మాటలకి, అక్షరాలు మిణుకుమిణుకుమనేలా చేసే, ఏ బ్రౌజరూ ఇప్పుడు పట్టించుకోని బ్లింక్ ట్యాగు ఒకటి తొడిగారు. నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వు పోతుంది.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, ఆ కావలసిన మనుషులు మీ దగ్గర ఉన్నారు. సీ వచ్చినవాళ్లు దొరకట్లేదన్న మాట హైదరాబాద్‌లో చెల్లదు. చిప్ కంపెనీలు, టెలికాం, నెట్‌వర్కింగ్, స్టోరేజీ కంపెనీలు ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్నాయి. కెర్నల్ డ్రైవర్లు రాసినవాళ్లు, మెమరీ లీకుల్ని వాసన చూసి పట్టేవాళ్లు గచ్చిబౌలి చాయ్ కొట్ల దగ్గర రోజూ కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి పన్నెండు పదిహేనేళ్ల అనుభవం. మన దగ్గర ఆ వయసుకి వచ్చేసరికి మేనేజర్ కావాల్సిందే, లేకపోతే ఎదగనట్టు లెక్క. కోడ్ వదల్లేక, ఎక్సెల్ షీట్లు నింపలేక లోపల్లోపల నలిగే ఒక సీనియర్ మీ ప్రతి టీములోనూ ఉంటారు. ఆయనో, ఆమో, వాళ్లే రేపటి మెయింటైనర్లు.

మరి వాళ్లు ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదు? వాళ్లు సంతకం పెట్టిన అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి తెప్పించుకుని చదవండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం రాసిన ప్రతి లైనూ కంపెనీదేనని, అనుమతి లేకుండా బయటి పని చేయకూడదని చాలావాటిలో ఉంటుంది. 2022లో మూన్‌లైటింగ్ (ఉద్యోగంలో ఉంటూ బయట ఇంకో పని చేయడం) గొడవ లేచాక జనం ఇంకా భయపడ్డారు. రాత్రి పదకొండుకి ఒక బగ్గు సరిచేసి పంపాలన్నా ఇది ఎక్కడికి పోతుందో అని వెనకాడతారు. లీగల్‌ని అడిగితే మూడు నెలలు. ఈలోగా ఉత్సాహం చల్లారిపోతుంది. అప్రైజల్ ఫారంలో ఈ పనికి గడే ఉండదు.

పిల్లలు చేస్తున్నారుగా, కాలేజీల్లో ఓపెన్ సోర్స్ క్లబ్బులున్నాయిగా అంటారేమో. ఉన్నాయి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మనవాళ్లు గట్టిగా పనిచేస్తున్నారు, స్వేచ్ఛ లాంటి సంస్థ తెలుగు నేల మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపేవాళ్లని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఉచిత టీషర్టు కోసం అర్థంపర్థం లేని మార్పులు కుప్పలుతెప్పలుగా వచ్చి పడ్డాయి. జావాస్క్రిప్ట్ ఎక్స్‌ప్రెస్ లైబ్రరీ రీడ్‌మీ (పరిచయపు) ఫైల్లో తమ పేరు చేర్చమంటూ మన దేశం నుంచి విద్యార్థులు పంపిన రిక్వెస్టులు మూసుకుంటూ ఆ మెయింటైనర్లు విసిగిపోయారు. పిల్లల తప్పు సగమే. రెజ్యూమెలో కాంట్రిబ్యూషన్ల లెక్క చూసి ఇంటర్వ్యూకి పిలిచేది మనమే కదా.

బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్లని పంపుదామన్న ఆలోచన కూడా మీకు వస్తుంది. దయచేసి వద్దు. మూడు వారాలు పనిచేసి, మెయింటైనర్ వాళ్లకి అన్నీ నేర్పి, వాళ్ల ప్యాచ్‌లన్నీ సరిదిద్దాక, ప్రాజెక్ట్ అలొకేషన్ వచ్చిందని మాయమైతే అటువైపు మనిషికి మిగిలేది ఒళ్లునొప్పులే. సగంలో వదిలేసే సాయం కన్నా అసలు వెళ్లకపోవడం నయం.

ఏఐ రాసేస్తుంది కదా అన్న మాట ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ టూల్ మెయింటైనర్ డానియెల్ స్టెన్‌బర్గ్‌ని అడగండి. ఏఐతో వండి పంపే ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులు చదవలేక ఆయన బహిరంగంగానే మొత్తుకున్నారు. ప్యాచ్‌లకి ఇప్పుడు కరువు లేదు. వచ్చినదాన్ని చదివి, ఇది పనికొస్తుంది, ఇది ఇంకోచోట పగలగొడుతుంది అని తేల్చి, ఆ మాటకి కట్టుబడే మనిషికే కరువు. మెమరీ తప్పుల్ని అడ్డుకునే రస్ట్ భాషలో మళ్లీ రాసేద్దాం అనేవాళ్లతో నాకు పేచీ లేదు. రాయండి. రాశాక దాన్నీ ఎవరో ఒకరు పాతికేళ్లు చూసుకోవాలి.

డబ్బు మాటకొస్తే, దారులు పడుతున్నాయి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు, వెబ్‌సైట్లలో డేటాని గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీకి ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లని తెలిసి లోకం నోరెళ్లబెట్టింది. అక్కణ్నుంచి చాలా దూరం వచ్చాం. జర్మనీ ప్రభుత్వం ఓపెన్ సోర్స్ కోసం 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టింది. మన దేశంలో స్టాక్ బ్రోకర్ కంపెనీ జెరోధా అదే పనికి 2024లో ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టి ఏడాదికి 10 లక్షల డాలర్లు కేటాయించింది. పీహెచ్‌పీ కోర్‌లో చాలా భాగం భుజాన మోసిన నికితా పోపోవ్ 2021లో వేరే ప్రాజెక్టుకి వెళ్తున్నట్టు తెలియగానే, దాని మీద బతికే కంపెనీలు కొన్ని కలిసి పీహెచ్‌పీ ఫౌండేషన్ పెట్టి డెవలపర్లకి జీతాలివ్వడం మొదలుపెట్టాయి. నాకు తెలిసినంతలో బాగా జరిగిన కథ అదే, ఎందుకంటే అక్కడ డబ్బు మనుషుల గంటలుగా మారింది. సీఎస్ఆర్ కింద ఓ చెక్కు రాసి, ఫొటో దిగి చేతులు దులుపుకుంటే అలా మారదు. గ్రాంటు ఖర్చు పెట్టడానికైనా ఆ కోడ్ తెలిసిన మనిషి ఉండాలి.

కాబట్టి అడుగుతున్నది ఇదీ. మీ ఉత్పత్తుల్లో ఉన్న లైబ్రరీల జాబితా స్కానర్ దగ్గర ఇప్పటికే ఉంది. అందులోంచి, ఒకరో ఇద్దరో నెట్టుకొస్తున్న ఒక పాత సీ లైబ్రరీని ఎంచుకోండి. ఒకటి చాలు. ఆ సీనియర్‌ని పిలిచి, వారానికి ఒక పూర్తి రోజు, రెండేళ్లపాటు దానికి ఇస్తున్నామని చెప్పండి. నోటిమాటగా చెబితే చాలదు, ఆ ఏడాది గోల్స్‌లో రాసి ఇవ్వండి. లీగల్ వాళ్లతో ఆ ఒక్క ప్రాజెక్టుకి ముందే అనుమతి పత్రం తీసిపెట్టండి.

వెళ్లగానే మెయింటైనర్ హోదా అడగొద్దు. మీ కంపెనీ పేరు రీడ్‌మీలో వేయమని అసలే అడగొద్దు. మొదటి ఆరు నెలలు పాత బగ్గు రిపోర్టులు తీసి, ఇవి ఇప్పటికీ వస్తున్నాయా అని చూడటం, రాని వాటిని మూయించడం, పునరావృతమయ్యే వాటికి చిన్న టెస్టు కేసు రాయడం, ఫజ్జర్ (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్ ఇచ్చి పరీక్షించే టూల్) పట్టిన క్రాష్‌లని వర్గాలుగా విడదీయడం. పైకి ఏమీ కనిపించని పని. మీ క్వార్టర్లీ రివ్యూలో చూపించడానికి ఒక్క స్లైడ్ కూడా రాదు. ఎక్స్‌జెడ్ తర్వాత కొత్తవాళ్లని చూస్తే మెయింటైనర్లు ఉలిక్కిపడుతున్నారు, అది సహజం. సొంత పేరుతో, ఫలానా కంపెనీలో పనిచేస్తున్నానని చెప్పుకుని, వీడియో కాల్‌లో మొహం చూపించి, కాన్ఫరెన్సుకి వెళ్లి కలవగలిగే మనిషికి ఆ అనుమానం కొంత తొందరగా తొలగుతుంది. మీరు ఇవ్వగలిగినదాంట్లో జీతం తర్వాత విలువైనది అదే.

ఇంకొక్కటి. ఒకే లైబ్రరీకి మీరొక్కరే ఇద్దర్ని పంపకండి. పక్క బిల్డింగ్ కంపెనీతో మాట్లాడండి, వాళ్లొకరు, మీరొకరు. ఏ కంపెనీ అయినా ఒక పొద్దున లేచి ప్రాధాన్యాలు మార్చేసుకుంటుంది, అప్పుడు ఇద్దరూ ఒకేసారి పోకూడదు. పోటీ కంపెనీలకి పొసగదంటారా? రెండు వైపులా ఇంజనీర్లు ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లే, వాళ్లకి ఎప్పుడో పొసిగింది.

ఇందులో మాకేంటి అని మీ సీఎఫ్‌ఓ అడుగుతారు, అడగాలి కూడా. తర్వాతి సారి స్కానర్‌లో ఆ పేరు ఎర్రబడినప్పుడు, ఆ లోపం మీ ప్రోడక్టుని నిజంగా తాకుతుందా లేదా అన్నది చెప్పగలిగే మనిషి మీ ఫ్లోర్ మీదే ఉంటారు. ఆడిటర్‌కి జవాబు మధ్యాహ్నంలోగా వెళ్తుంది. దానికి ఏ వెండర్ ఎంత బిల్లు వేస్తాడో సీఎఫ్‌ఓకి చెప్పనక్కర్లేదు.

ఆ ఇంజనీర్‌తో మాట్లాడే రోజున వాళ్ల మేనేజర్‌ని కూడా అదే గదిలో కూర్చోబెట్టండి. రిలీజ్ దగ్గరపడగానే మొదట కోత పడేది ఆ ఒక్క రోజుకే. ఈ ఒక్క వారం సర్దుకో అని అడిగే హక్కు ఆ మేనేజర్‌కి లేదని, అది కావాలంటే మీ దగ్గరికే రావాలని అప్పుడే, ఇద్దరి ముందూ చెప్పండి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు
హైదరాబాద్